బొగ్గు కలిసింది, నోటు కలిసింది, కష్టం కలిసిందా? (యూరప్ దేశాల కలయికపై చర్చ)

సార్‌గట్టు:

అందరికీ నమస్కారం. ఏడేళ్లుగా జర్మనీలోని సార్‌బ్రుకెన్‌లో ఉంటున్నాను. మా ఊరి మధ్యలో ట్రామ్ ఎక్కి కూర్చుంటే అరగంటలో ఫ్రాన్స్‌లోని సార్‌గెమీన్ స్టేషన్‌లో దిగుతాం. దారిలో గేటు ఉండదు. ఫోన్‌లో మాత్రం ఫ్రాన్స్‌కు స్వాగతం అని ఒక మెసేజ్ వస్తుంది. శనివారం పొద్దున్నే వెళ్లి కూరగాయలు, చీజ్ తెచ్చుకుంటాం. అటువాళ్లు షాంపూలు, సబ్బులు, పిల్లల డైపర్లు ఇక్కడ చవకని సంచులు పట్టుకుని ఇటు వస్తారు. రెండు వైపులా అదే యూరో, అదే ఫోన్ ప్లాన్.

మా పక్కింటి పెద్దాయనకు 80 దాటాయి. ఆయన చిన్నతనంలో ఈ ఊరు జర్మనీలో లేదు, అలాగని ఫ్రాన్స్‌లోనూ కలవలేదు. 1947 నుంచి 1956 చివరి దాకా సార్ (మా ఊరున్న ప్రాంతం, ఇప్పటి సార్‌లాండ్ రాష్ట్రం) అనేది ఫ్రాన్స్ రక్షణలో ఉన్న వేరే ప్రాంతం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు సొంత జట్టును పంపింది. 1954 ఫుట్‌బాల్ ప్రపంచకప్ అర్హత పోటీల్లో పశ్చిమ జర్మనీ మీదే ఆడింది! 1957 జనవరి 1న పశ్చిమ జర్మనీలో కలిసినా, చేతిలో తిరిగే డబ్బు 1959 జులై దాకా ఫ్రెంచ్ ఫ్రాంకులే. ఆయన బడికి తీసుకెళ్లిన చిల్లర ఫ్రాంకులు, మొదటి జీతం మార్కులు, ఇప్పటి పింఛను యూరోలు. ఇల్లు మాత్రం అదే ఇల్లు.

ఇదంతా బొగ్గు కోసం జరిగిందని ఇక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. దగ్గర్లో ఫోల్క్లింగెన్ అనే ఊళ్లో పాత ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. 1986లో మూతపడింది. ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం. ఆ కొలుముల కింద నిలబడితే రెండు దేశాలు ఈ నేల కోసం ఎందుకంత కొట్టుకున్నాయో అర్థమవుతుంది.

నా ప్రశ్న వేరే. మా ఆఫీసులో ఒక గ్రీకు సహోద్యోగి ఉన్నారు. చాలా మంచి మనిషి. యూరప్ ఒక్కటైందన్న మాట వస్తే మా ముఖాల్లో ఉండే సంతోషం ఆయన ముఖంలో కనపడదు. ఎందుకని అడిగితే "2015" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. నేను రోజూ చూసే కలయిక, ఆయన చూసిన కలయిక ఒకటేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలమాష్టారు:

సార్‌గట్టు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. 31 ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఎకనమిక్స్ చెప్పాను. ఈ పాఠం పిల్లలకు ఎప్పుడూ సంవత్సరాల జాబితాలాగే మిగిలిపోయేది. మీ పక్కింటి పెద్దాయన గురించి అప్పట్లో తెలిసి ఉంటే ఆయనతోనే మొదలుపెట్టేవాణ్ని.

బొగ్గు దగ్గర నుంచే వద్దాం. ఉక్కు తయారీకి మంచి కోకింగ్ బొగ్గు జర్మనీలోని రూర్‌లో ఉంది. ఇనుప ఖనిజం ఫ్రాన్స్‌లోని లొరేన్‌లో ఉంది. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి కావాలి. 1870 నుంచి 1945 దాకా 75 ఏళ్లలో మూడు యుద్ధాలు. అల్సాస్, లొరేన్ ప్రాంతాలు ఆ కాలంలో నాలుగుసార్లు చేతులు మారాయి.

1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రోబేర్ షూమాన్ పారిస్‌లో ఒక ప్రకటన చదివారు. రాసింది ప్రధానంగా జాన్ మొనే. రెండు దేశాల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ప్రభుత్వాలకు పైన ఉండే ఒకే సంస్థ కింద పెడదాం, కావాలంటే మిగతా దేశాలూ రావచ్చు అన్నది దాని సారం. తుపాకీ తయారయ్యేదే ఉక్కుతో కదా. ఆ ఉక్కే ఉమ్మడిదైతే ఒకరికి తెలియకుండా ఇంకొకరు యుద్ధానికి సిద్ధం కాలేరు. ఆ షూమాన్ పుట్టింది లక్సెంబర్గ్‌లో, జర్మన్ పౌరుడిగా. లొరేన్ తిరిగి ఫ్రాన్స్‌కు వచ్చాక ఫ్రెంచివాడయ్యాడు. సరిహద్దు మనిషి కాబట్టే ఆ ఆలోచనకు అంత ధైర్యంగా పేరు పెట్టగలిగాడని నా నమ్మకం.

1951 ఏప్రిల్ 18న పారిస్ ఒప్పందం మీద ఆరు దేశాలు సంతకం చేశాయి: ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్. 1952లో పని మొదలైంది. మొనేనే మొదటి అధ్యక్షుడు.

పుస్తకాలు సాధారణంగా ఇక్కడి నుంచి, ఆరు దేశాల ఉమ్మడి బజారుకు పునాది వేసిన 1957 రోమ్ ఒప్పందానికి దూకేస్తాయి. నేను మాత్రం ఇక్కడే ఆగమంటాను. ఆ బొగ్గు ఉక్కు సంస్థకు సొంత ఆదాయం ఉండేది. ప్రతి గని, ప్రతి ఉక్కు ఫ్యాక్టరీ ఉత్పత్తి మీద 1 శాతానికి మించని పన్ను నేరుగా దానికే కట్టేవి. బెల్జియం గనులు పాతవి, లోతైనవి, అక్కడి బొగ్గు ఖరీదెక్కువ. పోటీకి తలుపులు తెరిస్తే అవి కూలిపోతాయి. అందుకని చవకగా తవ్వే జర్మనీ, నెదర్లాండ్స్ గనుల దగ్గర కొంత వసూలు చేసి కొన్నేళ్లపాటు బెల్జియం గనులకు ఇచ్చారు. గని మూతపడి పని పోయినవాళ్లకు కొత్త పని నేర్పడానికి డబ్బిచ్చారు. గని కార్మికులకు ఇళ్లు కట్టడానికి అప్పులిచ్చారు. అంతకుముందు రైల్లో బొగ్గు సరిహద్దు దాటితే ప్రయాణం మళ్లీ మొదలైనట్టు లెక్కేసి కొత్తగా ఛార్జీ వేసేవారు. అదీ తీసేశారు.

అంటే బజారును కలిపినవాళ్లు, ఆ కలయిక వల్ల దెబ్బతినేవాళ్ల బాధ్యతనూ కలుపుకున్నారు. ఇది గుర్తుంచుకోండి. మీ గ్రీకు మిత్రుడి జవాబు ఇక్కడే ఉందని నేననుకుంటున్నాను. రేపు తీరిగ్గా రాస్తాను.

కరీంనగర్‌చదువరి:

మాష్టారూ, మధ్యలో అడ్డొస్తున్నందుకు క్షమించండి. నాకు అక్టోబర్‌లో సార్‌లాండ్‌లోనే ఎమ్మెస్ సీటు వచ్చింది. యూరోపియన్ యూనియన్, షెంగెన్, యూరో ఈ మూడూ ఒకటే అనుకున్నా. కాదని వీసా ఫారాలు నింపుతుంటే తెలిసింది. ఎవరు దేనిలో ఉన్నారో అర్థం కాక టెన్షన్ పడుతున్నా.

సార్‌గట్టు:

తమ్ముడూ, టెన్షన్ వద్దు. మూడూ వేర్వేరు గీతలు, చాలాచోట్ల ఒకదాని మీద ఒకటి పడతాయి. యూనియన్‌లో 27 దేశాలు. షెంగెన్ అంటే మధ్యలో పాస్‌పోర్ట్ చూడకుండా తిరిగే ప్రాంతం, అందులో 29. యూరో నోటు వాడే సభ్య దేశాలు, 2026 జనవరిలో బల్గేరియా చేరాక 21. ఐర్లండ్ యూనియన్‌లో ఉంది, యూరో ఉంది, షెంగెన్‌లో లేదు. స్విట్జర్లండ్, నార్వే యూనియన్‌లో లేవు, షెంగెన్‌లో ఉన్నాయి. స్వీడన్ మొదటి రెండింటిలో ఉండి సొంత క్రోనా వాడుతుంది. నీకు జర్మనీ రెసిడెన్స్ కార్డు వచ్చాక షెంగెన్ అంతా తిరగొచ్చు, కానీ ఏ 180 రోజుల్లో చూసినా మిగతా దేశాల్లో కలిపి 90 రోజులు దాటకూడదు. పని చేసే హక్కు మాత్రం జర్మనీలోనే.

షెంగెన్ అనేది ఒక చిన్న ఊరి పేరు. లక్సెంబర్గ్‌లో మోసెల్ నది ఒడ్డున ఉంటుంది. 1985 జూన్ 14న అక్కడ ఒక పడవ మీద అయిదు దేశాలు సంతకాలు చేశాయి. ఎదురు ఒడ్డు జర్మనీ, కాస్త పైకి వెళ్తే ఫ్రాన్స్. మా ఇంటికి దగ్గరే, వచ్చాక తీసుకెళ్తాను.

విశాఖనావికుడు:

సార్‌గట్టు గారూ, మీ సహోద్యోగి అన్న "2015" నేను కళ్లారా చూశాను. అందుకే రాస్తున్నాను.

ఆ ఏడాది జూన్ ఆఖర్లో మా ఓడ రిపేరు కోసం గ్రీస్‌లోని పిరేయస్ రేవులో ఆగింది. నేను అప్పుడు థర్డ్ ఇంజనీర్‌ని. జూన్ 29 సోమవారం పొద్దున రేవు బయటికొస్తే, గ్రీస్ అప్పుల సంక్షోభం వల్ల బ్యాంకులన్నీ మూసేసి ఉన్నాయి. ఏటీఎంల దగ్గర జనం బారులు. మనిషికి రోజుకు 60 యూరోలు. చాలా మిషన్లలో ఇరవై నోట్లు అయిపోయి యాభైనే వచ్చేది. అరుపులు లేవు, తోపులాట లేదు. జనం చాలా మౌనంగా నిలబడ్డారు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

విదేశీ కార్డులకు ఆ పరిమితి లేదు. నా దగ్గర ఉన్నది మన ఊళ్లో తీసుకున్న కార్డు. నా ముందున్న పెద్దావిడ తన సొంత డబ్బులోంచి ఒక్క యాభై నోటు తీసుకుని పక్కకు జరిగింది. తర్వాత నేను కార్డు పెట్టి 200 తీసుకోగలిగాను. ఆమె చూడలేదు. చూసి ఉంటే నేను తలెత్తుకోలేకపోయేవాణ్ని.

మా ఓడకు కూరగాయలు, సామాన్లు ఇచ్చే షాపతను చెప్పింది ఇంకా కష్టం. బయటి దేశం నుంచి సరుకు తెప్పించాలంటే డబ్బు పంపడానికి అనుమతి కమిటీ దగ్గర నిలబడాలి. ముందు డబ్బు చేతిలో పడితే గానీ సరుకు కదలదని అవతలివాళ్లు అంటారు. ఇద్దరి దగ్గరా ఉన్నది అదే యూరో! కార్డు లేని పింఛనుదార్ల కోసం కొన్ని బ్రాంచీలు తెరిచి వారానికి 120 ఇచ్చారు. అతని తండ్రి తెల్లవారుజామునే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడట.

జులై 5న ప్రజాభిప్రాయ సేకరణ. అప్పులిచ్చినవాళ్ల షరతులు వద్దని 61 శాతం మంది ఓటేశారు. ఆ రాత్రి రేవు దాకా పాటలు వినపడ్డాయి. మేం రెండు మూడు రోజుల్లో బయల్దేరాం. సూయెజ్ దాటాక వార్త తెలిసింది. జులై 13 పొద్దున, రాత్రంతా సాగిన సమావేశం తర్వాత, గ్రీస్ ప్రధాని సిప్రాస్ ఇంకా గట్టి షరతులకు ఒప్పుకున్నారు. ఆ షాపతని ముఖం గుర్తొచ్చి నాకు ఆ పూట భోజనం సహించలేదు.

లెక్కలమాష్టారు:

నావికుడు గారూ, మీరు రాసిన 50 యూరోల నోటు దగ్గరే పాఠం మొదలుపెడతాను.

1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందం. ప్రభుత్వ లోటు జాతీయాదాయంలో 3 శాతం లోపు, మొత్తం అప్పు 60 శాతం లోపు ఉన్నవాళ్లు ఒకే కరెన్సీలో చేరాలన్నారు. 1999లో 11 దేశాలు లెక్కల్లో యూరోకు మారాయి. 2001లో గ్రీస్ చేరింది. 2002 జనవరి 1న నోట్లు, నాణేలు జనం చేతికొచ్చాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరప్ కేంద్ర బ్యాంకు అందరికీ కలిపి ఒకే వడ్డీ రేటు పెడుతుంది. ఆ నోట్ల వెనకాల ఉమ్మడి ఖజానా మాత్రం లేదు. యూనియన్ మొత్తం బడ్జెట్ సభ్య దేశాల ఆదాయంలో సుమారు 1 శాతం. పైగా ఒకరి అప్పును ఇంకొకరు మోయకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు. పొయ్యి ఒకటే చేసుకున్నారు, గాదెలు మాత్రం ఎవరివి వాళ్లు తాళం వేసుకున్నారు.

సొంత కరెన్సీ ఉన్న దేశానికి కష్టం వస్తే దాని విలువ పడుతుంది. దిగుమతులు ఖరీదవుతాయి, ఎగుమతులు, పర్యాటకం చవకవుతాయి. బాధ అందరి మీదా పలచగా పడుతుంది. గ్రీస్‌కు తన పాత కరెన్సీ ద్రాక్మా ఇక లేదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది జీతాలు, పింఛన్లు నేరుగా కోయడమే. మన దగ్గర శ్రీకాకుళంలో తుఫాను వస్తే రూపాయి విలువ మారదు. కానీ పన్నుల వాటా, రేషన్ బియ్యం, సాయం ఆగవు. పనికోసం హైదరాబాదో చెన్నైయో రైలెక్కుతారు. అది చాలదన్నది నాకూ తెలుసు. అయినా ఆ ఉమ్మడి ఖజానా అనేది ఒకటుంది. రాబర్ట్ మండెల్ అనే ఆర్థికవేత్త 1961లోనే ఒకే కరెన్సీ ఎక్కడ పనిచేస్తుందో రాశాడు. మనుషులు పని కోసం సులువుగా కదలాలన్నాడు. ఉమ్మడి ఖజానా కూడా ఉండాలని తర్వాతివాళ్లు కలిపారు.

యూరో వచ్చిన మొదటి ఏళ్లలో గ్రీస్‌కు దాదాపు జర్మనీకి ఇచ్చినంత తక్కువ వడ్డీకే అప్పు పుట్టింది. అప్పిచ్చినవాళ్లలో జర్మనీ, ఫ్రాన్స్ బ్యాంకులు ముఖ్యమైనవి. 2009 అక్టోబర్‌లో కొత్త ప్రభుత్వం వచ్చి లోటు అంతకుముందు చెప్పినదానికి ఎన్నో రెట్లు ఉందని బయటపెట్టింది. 2010 మేలో 110 బిలియన్ యూరోల మొదటి అప్పు ఇచ్చారు. ఆ డబ్బులో పెద్ద భాగం పాత అప్పులు తీర్చడానికే వెళ్లింది. దేశ ఆదాయం నాలుగో వంతు కరిగిపోయింది. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. మూడు విడతల అప్పుల కార్యక్రమం 2018 ఆగస్టులో గానీ ముగియలేదు.

1950ల్లో బెల్జియం గనివాడికి దొరికినది 2010లో గ్రీస్ పింఛనుదారుకు దొరకలేదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

పద్దులపుస్తకం:

మాష్టారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను వృత్తిరీత్యా ఆడిటర్‌ని. గ్రీస్ లెక్కలు ఏళ్ల తరబడి తప్పుగా చూపించారు. ఇది యూరోపియన్ గణాంకాల సంస్థే 2004లోనూ 2010లోనూ తేల్చింది. తప్పుడు బ్యాలెన్స్ షీటుతో అప్పు తీసుకున్న క్లయింటుకు పొరుగువాడు కష్టపడి కట్టిన పన్ను ఎందుకివ్వాలి? అప్పట్లో స్లొవేకియా గ్రీస్ కంటే తక్కువ జీతాల దేశం. ఆ దేశం 2010లో గ్రీస్ అప్పులో పాలుపంచుకోనని పార్లమెంటులోనే ఓటేసింది. వాళ్ల కోపం న్యాయమైనదే. బెల్జియం గనివాడు ఎవర్నీ మోసం చేయలేదు. రెండింటినీ ఒక గాటన కట్టడం నాకు నచ్చలేదు.

లెక్కలమాష్టారు:

స్లొవేకియా విషయం నేను రాయాల్సింది, గుర్తుచేసినందుకు ధన్యవాదాలు. లెక్కలు దాచినవాళ్లను సమర్థించను. కానీ రెండు మాటలు. ఒకటి, 3 శాతం గీత దాటినప్పుడు చర్య తీసుకోవాలన్న నియమాన్ని 2003 నవంబర్‌లో పక్కన పెట్టించుకున్నవి జర్మనీ, ఫ్రాన్స్. పెద్దవాళ్లు గీత చెరిపేశాక చిన్నవాడికి ఆ గీత మీద గౌరవం ఎక్కడుంటుంది? రెండోది, లెక్కలు దాచింది మంత్రులు, అధికారులు. మెట్ల మీద తెల్లవారుజాము నుంచి కూర్చున్నది ఇంకొకరు. అప్పిచ్చేముందు పద్దులు చూడాల్సిన బ్యాంకులు కూడా చూడలేదు. మీ వృత్తిలో అది కూడా తప్పే కదా?

పద్దులపుస్తకం:

అప్పిచ్చినవాడి తప్పు కూడా ఉందని ఒప్పుకుంటాను. 2012 మార్చిలో గ్రీస్‌కు అప్పిచ్చిన ప్రైవేటు సంస్థలు తమ బాండ్ల విలువలో సగానికి పైగా వదులుకోవాల్సి వచ్చింది. కానీ అది రెండేళ్లు ఆలస్యంగా జరిగింది. ఈలోగా చాలా బ్యాంకులు బయటపడ్డాయి, భారం ప్రభుత్వాల మీదికొచ్చింది. మొదటి రోజే చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఈ ఒక్క విషయంలో మాష్టారితో నేనూ ఏకీభవిస్తాను.

తెనాలితర్కం:

అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. జనం మాటకు విలువ ఎంత అన్నది ఎవరూ అడగట్లేదు. 2005 మే 29న యూరప్ రాజ్యాంగాన్ని ఫ్రాన్స్ ప్రజలు దాదాపు 55 శాతం ఓట్లతో తిరస్కరించారు. మూడు రోజులకు నెదర్లాండ్స్‌లో 61 శాతానికి పైగా వద్దన్నారు. ఏం చేశారు? అందులోని ఎక్కువ అంశాలతోనే లిస్బన్ ఒప్పందం రాసి, ఈసారి ఆ రెండు దేశాల్లోనూ ప్రజల్ని అడక్కుండా పార్లమెంటులతో కానిచ్చేశారు. ఐర్లండ్‌లో 2008లో వద్దంటే 2009లో మళ్లీ అడిగారు. డెన్మార్క్‌లోనూ మాస్ట్రిక్ట్‌కు అంతే, 1992లో వద్దు, 1993లో అవును. గ్రీస్‌లో 61 శాతం ఏమైందో నావికుడు గారు రాశారు. తమకు కావలసిన జవాబు వచ్చేదాకా అడగడాన్ని ప్రజాస్వామ్యం అని నేను అనలేను. నాకు యూరప్ మీద ద్వేషం లేదు. ఇంత గొప్ప ప్రయత్నం జనాన్ని వెంట తీసుకెళ్లకపోతే నిలబడదని భయం.

సార్‌గట్టు:

మీ భయం నిజమైనదే. కానీ పట్టికలో ఒకటి కలపండి. 1955 అక్టోబర్ 23న మా సార్ ప్రజల్ని అడిగారు: ఈ ప్రాంతాన్ని ఏ దేశానిదీ కాకుండా యూరప్ ప్రాంతంగా ఉంచుదామా అని. 67 శాతానికి పైగా వద్దన్నారు. ఫ్రాన్స్‌కు ఆ బొగ్గు ఎంత కావాలో మీకు తెలుసు. యుద్ధం ముగిసి పదేళ్లే అయింది. అయినా ఆ జవాబును ఒప్పుకుంది, పద్నాలుగు నెలల్లో సార్ జర్మనీలో కలిసింది. మా పక్కింటాయన తండ్రి ఆ రోజు వద్దనే ఓటేశాడట. "వద్దన్నందుకు ఎవరూ మమ్మల్ని శిక్షించలేదు, అందుకే తర్వాత నమ్మకం కుదిరింది" అని ఆయన అంటుంటారు. ఆ మరుసటి ఏడాదిన్నరలోనే, 1957 మార్చి 25న, రోమ్ ఒప్పందం మీద అదే ఆరు దేశాలు సంతకం చేశాయి. నార్వే ప్రజలు కూడా 1972, 1994 రెండుసార్లు వద్దన్నారు. వాళ్లు బయటే ఉన్నారు.

తెనాలితర్కం:

సార్ సంగతి నాకు తెలియదు. ఆ పెద్దాయన మాట చాలా బాగుంది. అయితే నా ప్రశ్న ఇంకా గట్టిపడుతుంది: 1955లో ఉన్న ఆ ఓర్పు 2015లో ఎందుకు లేదు?

థేమ్స్‌తీరం:

ఈ చర్చలో ఒక విషయం దాచడం ఇష్టం లేదు. 2016 జూన్ 23న నేను బ్రిటన్ బయటికి రావాలని ఓటేశాను. అప్పటికి నాది భారత పాస్‌పోర్టే. కామన్వెల్త్ దేశాల వాళ్లం కాబట్టి ఇక్కడ నివాసం ఉంటే ఓటుండేది. మా స్కూల్లో నాతో కలిసి పదేళ్లు పాఠం చెప్పిన పోలండ్ ఆవిడకు మాత్రం ఓటు లేదు. ఆవిడ జీవితం గురించి నేను ఓటేశాను, ఆవిడ వేయలేకపోయింది.

ఎందుకు వేశానంటే, మా తమ్ముడి వీసా రెండుసార్లు తిరస్కరించారు. యూరప్ నుంచి వచ్చేవాళ్లకు ఏ కాగితమూ అక్కర్లేదు. బయటికొస్తే మనవాళ్లకు దారి తెరుచుకుంటుందని ప్రచారంలో చెప్పారు, నమ్మాను. 2021 తర్వాత మనవాళ్లు నిజంగానే చాలామంది వచ్చారు, నర్సులు, విద్యార్థులు. కాబట్టి నేను పూర్తిగా మోసపోయానని కూడా చెప్పలేను. కానీ ఐర్లండ్ గురించి ఆ రోజు నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లో దశాబ్దాల హింస 1998 ఒప్పందంతో ఆగింది. ఐర్లండ్ దేశంతో ఉన్న సరిహద్దు కనపడకుండా పోవడం ఆ శాంతికి పెద్ద ఆసరా. రెండు వైపులా యూనియన్‌లో ఉండటం వల్లే అది అంత తేలికైంది. మేం బయటికొచ్చాక గీత ఎక్కడ గీయాలో తెలియక ఏళ్లు పట్టింది. చివరికి నేల మీద వద్దని సరుకుల తనిఖీని బ్రిటన్ ప్రధాన దీవికీ ఉత్తర ఐర్లండ్‌కూ మధ్య ఉన్న సముద్రం మీదికి జరిపారు. ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు 56 శాతం ఉండిపోదామనే ఓటేశారు.

మా స్నేహితురాలు 2019లో పోలండ్ వెళ్లిపోయింది. ఇప్పటికీ మాట్లాడుకుంటాం. ఆ ఓటు సంగతి ఆవిడకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు.

భీమవరంరొయ్య:

నేను చెరువు రైతును, ఒప్పందాలు నాకు తెలియవు. కానీ యూరప్ ఒకటే బజారు అన్నది మాకు చెరువు గట్టు మీదే తెలుస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్ మందుల జాడ కనపడితే సరుకు అక్కడ దిగదు. 2016లో మన దేశపు చెరువు రొయ్యల కంటెయినర్లలో తనిఖీ చేసేవి పదింట ఒకటి నుంచి రెండింట ఒకటికి పెంచారు. ఖర్చు, ఆలస్యం అన్నీ చివరికి మా కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి ఇచ్చే ధర) మీదే పడతాయి. ఎక్కడో ఒకరు చేసిన తప్పుకు జిల్లా అంతా రేటు కోల్పోయిన రోజులున్నాయి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఒకసారి పాసైన సరుకు స్పెయిన్ వెళ్లినా పోలండ్ వెళ్లినా మళ్లీ ఎవరూ తెరవరు. 27 దేశాలకు 27 పరీక్షలైతే మాలాంటివాళ్లు ఆ బజారు ముఖమే చూడలేరు. బ్రిటన్‌కు ఇప్పుడు కాగితాలు వేరే. ఆ వేరు కాగితం బరువు ఎంతో ఎగుమతి వాళ్లను అడిగితే చెబుతారు.

లెక్కలమాష్టారు:

రొయ్యల రైతు గారి మాటకు మూలం ఒక చిన్న సీసాలో ఉంది. కాసిస్ అనే ఫ్రెంచి పండ్ల మద్యాన్ని జర్మనీలో అమ్మనివ్వలేదు, అందులో ఆల్కహాల్ తమ చట్టం చెప్పిన 25 శాతం కంటే తక్కువ ఉందని. 1979లో యూరప్ న్యాయస్థానం ఏమందంటే, ఒక సభ్య దేశంలో చట్టబద్ధంగా తయారై అమ్ముడవుతున్న వస్తువును, గట్టి కారణం లేకపోతే ఇంకో సభ్య దేశం ఆపకూడదని. జాక్ డెలోర్ యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో 1993 నాటికి ఏక బజారు తయారవడానికి ఆ తీర్పే పునాది.

తర్కం గారి ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. 1955లో ఒక ఫ్రాన్స్ ఒప్పుకుంటే సరిపోయింది. 2015లో గ్రీస్ ప్రజల ఓటుకు ఎదురుగా అప్పటికి యూరో వాడుతున్న మిగతా 18 దేశాల ఓటర్లు ఉన్నారు, ఎవరి పార్లమెంటు వాళ్లది. అందరికీ కలిపి ఓటు అడిగే వేదిక డబ్బు విషయంలో లేదు. యూరోపియన్ పార్లమెంటుకు 1979 నుంచి నేరుగా ఎన్నికలున్నా, పన్ను వేసే అధికారం దాని చేతిలో లేదు.

ఒక్కటి మాత్రం మారింది. 2020 జులైలో కోవిడ్ దెబ్బకు ఇటలీ, స్పెయిన్ అల్లాడుతుంటే 27 దేశాలూ కలిసి 750 బిలియన్ యూరోల నిధి పెట్టాయి. యూనియన్ పేరు మీదే అప్పు తెచ్చారు. అందులో 390 బిలియన్లు తిరిగివ్వక్కర్లేని సాయం. అంతకు పదేళ్ల ముందు జర్మనీ ససేమిరా అన్న పని అది. గాదె తాళం ఒకసారి తెరిచారు. ఈ ఒక్కసారికే అని కాగితం మీద రాసుకున్నారు. బ్యాంకు దివాలా తీస్తే డిపాజిట్లకు ఉమ్మడి బీమా పెడదామని 2015లో వచ్చిన ప్రతిపాదన మాత్రం అలాగే పడి ఉంది. పిరేయస్‌లో ఆ పెద్దావిడ డబ్బుకు ఈరోజుకీ ఆ భరోసా లేదు.

సార్‌గట్టు:

మాష్టారూ, నావికుడు గారూ, మీరిద్దరూ రాసింది ఇంగ్లిష్‌లో చెప్పి మా సహోద్యోగికి వినిపించాను. పెద్దావిడ, యాభై నోటు దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత చాలా చెప్పారు. ఆయన అక్క డాక్టరు. జీతం తగ్గించేశాక 2012లో జర్మనీ వచ్చేసింది. వీసా అడగలేదు, డిగ్రీ గుర్తింపు సులువుగా అయిపోయింది. రెండేళ్లకు ఆయనా వచ్చారు. "మా ఊరి ఆసుపత్రికి డాక్టరు లేకుండా చేసింది యూరపే, మా అక్కకు ఉద్యోగం ఇచ్చిందీ యూరపే. నేను దీన్ని ప్రేమించాలో కోప్పడాలో పదేళ్లుగా తేల్చుకోలేదు" అన్నారు. మీకు నమస్కారం చెప్పమన్నారు.

విశాఖనావికుడు:

ఆయనకు నా నమస్కారం కూడా చెప్పండి. 2019లో మళ్లీ పిరేయస్ వెళ్లాను. ఆ షాపు ఉంది. అతను నన్ను గుర్తుపట్టాడు. తండ్రి లేరు.

కరీంనగర్‌చదువరి:

అన్నా, మొత్తం చదివాను. అక్టోబర్ మొదటి వారంలో దిగుతా. ట్రామ్‌లో ఫ్రాన్స్ వెళ్లడానికి ఏ కాగితాలు పెట్టుకోవాలి?

సార్‌గట్టు:

తమ్ముడూ, పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ పెట్టుకో. గేటు లేదని మొదట్లో రాశాను, అది నిజమే, కానీ 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ అన్ని నేల సరిహద్దుల్లోనూ మళ్లీ తనిఖీలు పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు పోలీసులు అప్పుడప్పుడు ట్రామ్ ఎక్కుతారు. 2020 మార్చిలో కోవిడ్ అని దారులే మూసేశారు. అప్పుడు చిన్న వీధుల్లో అడ్డం పెట్టిన కంచెలు చూసి పక్కింటాయన చాలా కుమిలిపోయారు.

నువ్వొచ్చే నెలలో ఆదివారాలు ఖాళీగా ఉంచుకో. మొదటివారం ఫోల్క్లింగెన్ వెళ్దాం, కొలుము పైదాకా మెట్లున్నాయి. పెద్దాయన్ని కూడా అడిగాను, మోకాళ్లు సహకరిస్తే వస్తానన్నారు. ఆయన దగ్గర పాత సార్ ఫ్రాంకు నాణెం ఒకటుంది, జేబులో వేసుకొస్తారట.